చేతికి తెలిసిన లెక్క

మా సిరికొండ ఇంట్ల అమ్మ సకినాల పిండి కలుపుతుంటే, నోట్‌బుక్ పట్టుకొని పక్కన కూసున్న. "ఎన్ని నువ్వులే అమ్మా?" అంటే "చేతికి తెలుస్తది బిడ్డా" అన్నది.

చేతికి తెలిసింది కాగితానికెట్ల తెలియాలె? ఆమె పిడికిట్ల నువ్వులను గిన్నెల పోయించి చెంచాతో కొలిచిన. ఆరు చెంచాలు. పిండేమో సోలల లెక్క. సోలంటే మా పిల్లలకు తెల్వది, అందుకే ఇంట్ల ఉన్న సోలను గ్లాసుతో కొలిచి అదీ రాసిన.

కొన్ని అంకెలకు దొరకవు. రాత్రి నానబెట్టిన కొత్త బియ్యం వడగట్టి, తడి ఆరకముందే పిండి పట్టియ్యాలె. పిడికిట్ల పిసికితే ముద్ద నిలవాలె. ఇసొంటివి అమ్మ మాటల్లనే రాసుకున్న. నోట్‌బుక్‌ల సర్వపిండి పేరు కిందైతే ఆమె అన్నది అన్నట్టే ఉన్నది: "వేలితోని పొక్కలు పెట్టు, పొక్కపొక్కకు ఇంత నూనె పొయ్యి, మూతపెట్టి సన్న మంట మీద ఉంచు."

యూట్యూబ్‌ల సకినాలకు కొదువ లేదు. కానీ మా ఇంటి సకినం అండ్ల లేదు. నానమ్మ చేసే మక్కగారెలు ఎవ్వలం రాసిపెట్టలే. ఆ రుచి ఆమెతోనే పోయింది, ఇప్పటికీ మనసు కలుక్కుమంటది.

ఈ సంక్రాంతికి మీ అమ్మ పక్కన కూసొని ఒక్క వంటకమన్న రాసుకోండ్రి.