గ్రనడాలో కలప పలికే వీధి

స్పెయిన్ దక్షిణ భాగాన, గ్రనడా నగరంలో, అల్‌హంబ్రా కోటకు ఎక్కిపోయే ఇరుకైన ఏటవాలు వీధి ఒకటున్నది. పేరు క్వెస్తా దె గొమెరెస్. యాత్రికులలో అనేకులు ఆయాసపడుతూ కోట వైపే సాగిపోతారు. తొందరలేనివారు మాత్రం గిటారు పనివారి అంగళ్ల ముందు నిలుస్తారు. లోపలి నుంచి చిత్రిక పట్టిన కలప వాసన వస్తుంది; నడుమ నడుమ వ్రేలి కణుపుతో పలకను తట్టిన చప్పుడు.

ఆ తట్టడంలోనే పనివాని విద్య సగమున్నది. గిటారు పైపలకకు వాడేది స్ప్రూస్. పర్వత సీమల చలిలో మెల్లగా పెరిగిన చెట్టు కనుక దాని చారలు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. పలకను రెండు వ్రేళ్ల నడుమ వ్రేలాడదీసి తట్టితే, మంచిదైతే గంటవలె మ్రోగుతుంది. కాకుంటే మూగగా ఊరుకుంటుంది. తరువాత దానిని వంచి బిగువు చూస్తారు. కోసిన అంచున చారలు నిట్టనిలువుగా ఉన్నవా అని పరికిస్తారు. ఏటవాలుగా ఉంటే గాలిలోని తేమకు పలక వంకర తిరుగుతుంది. సుమారు రెండు మిల్లీమీటర్ల మందానికి దించిన పిమ్మట లోపం బయటపడితే, ఏళ్ల తరబడి ఆరబెట్టిన కలప పోయినట్లే.

1862లో అల్మెరియాకు చెందిన ఆంతోనియో దె తోరెస్ ప్రక్కలకు, వెనుకకు అట్టను వాడి ఒక గిటారు చేశాడు. నాదానికి ప్రాణం పైపలకే అని నిరూపించడం ఆయన ఉద్దేశం. అయినా ఫ్లామెంకో పనివారు మిగిలిన కలపను తేలికగా తీసుకోరు. నర్తకి మడమల దరువును, చప్పట్లను చీల్చుకొని స్వరం చురుక్కున పలకాలి, వెంటనే ఆగాలి. అందుకు తేలికైన, లేత పసుపు వన్నెగల సైప్రస్ తగినది. ఆ గిటారును ‘బ్లాంకా’, అంటే తెల్లది, అంటారు.

ఓడలమీద వచ్చే బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను కొనలేని పేద వాద్యకారులు స్థానిక సైప్రస్‌తో సరిపెట్టుకొన్నారని తరచు వినవచ్చే మాట. నిజం ఉండవచ్చు. కాని ధర ఒక్కటే కారణమైతే, నాలుగు డబ్బులు చేతిలో ఆడిన నాడు దానిని విడిచిపెట్టి ఉండవలసినది. విడువలేదు.

కచేరీ వేదికలు పెరిగిన మీదట, నాదం మరికొంత నిండుగా ఉండాలనేవారికి ముదురు కలపతో చేసే ‘నెగ్రా’ వచ్చింది. పాకో దె లూసియా వంటివారి చేతులలో అది లోకప్రసిద్ధమైనది. 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతర్జాతీయ వ్యాపారం దాదాపు నిషిద్ధం కావడంతో, అప్పటికే వాడుకలో ఉన్న భారతదేశపు రోజ్‌వుడ్‌కు గిరాకీ హెచ్చింది. తెలుగువారు జిట్రేగి అనే చెట్టు అదే! 2017 జనవరి నుంచి దానికీ అనుమతి పత్రాలు తప్పలేదు. 2019 నవంబరులో పూర్తయిన వాద్యాలకు సడలింపు లభించింది, ముడికలపకు లభించలేదు.

సైప్రస్‌కు అటువంటి చిక్కులేదు గాని వేరొకటున్నది. ఆ చెట్టు మొదలు నుంచీ కొమ్మలు వేస్తుంది. అందువల్ల ముడులు లేని వెడల్పైన పలక దొరకడం అరుదు. వీధికి ఎగువన, హెనెరలీఫె తోటలలో సైప్రస్‌లు బారులు తీరి నిలిచి ఉంటాయి. అవి చూడవలసినవే గాని కోయవలసినవి కావు. అంగడిలో పనివాడు వెనుక పలకపై గిటారు అచ్చును అటూ ఇటూ జరిపి, ముడి నడుము వంపుకు వెలుపల పడుతుందేమో చూస్తాడు. పడకపోతే, ఆ పలకను తిరిగి అటక ఎక్కించి మరొకటి దించుతాడు.