సుగ్గికి పోయినప్పుడు బిడ్డ ఎవరికి చెప్పుకోవాల?

పోస్టు పొడుగైంది, ఓపిగ్గా చదవండి. తాండాల్లో చిన్న పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇది అవసరమని రాస్తున్నాను.

మా అక్క బిడ్డను ఈ జూన్‌లో సిస్టర్ల స్కూల్లో రెండో తరగతిలో చేర్పించాలని ఇంట్లో నిర్ణయం అయింది. అక్కడే హాస్టల్. కారణం మీకు తెలిసిందే. దీపావళి దాటినాక అక్కా, బావా గుంటూరు వైపు సుగ్గికి పోతారు. మిరపకాయ కోతలు అయిపోయి, ఎండలు ముదిరినాక గానీ తిరిగి రారు. పిల్లను వెంట తీసుకుపోతే చదువు పాయె. తాండాలో వదిలేద్దామంటే ముసలామెకు కళ్లు సరిగా కనపడవు. కోసిగి, కౌతాళం, ఆదోని, తుగ్గలి వైపు వాళ్లకు ఈ లెక్క విడమర్చి చెప్పనక్కరలేదు.

"సిస్టరమ్మలతో మాట్లాడేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగాల" అని నేనంటే మా అమ్మ ఒప్పుకోలేదు. "తిండి పెట్టి, సదువు సెప్పేవాళ్లను అట్ల అడిగితే ఏమనుకుంటారు నాయనా? వాళ్ల దయతో సదువుకున్నోడివి కాదా నువ్వు?" అనింది. రెండు రోజులు ఆ మాట మీదే ఇంట్లో చర్చ.

అమ్మ మాటలో అబద్ధం లేదు. కర్నూలు మేత్రాసనం 1967లో, కడప మేత్రాసనం 1976లో ఏర్పడ్డాయి. అంతకు ముందు నుంచే పల్లెల్లో ఆర్.సి.ఎం. స్కూళ్లున్నాయి. ఊర్లో వేరే బడి గడప ఎక్కలేని రోజుల్లో మాదిగ పిల్లలు, మాల పిల్లలు, తర్వాత మన పిల్లలు అక్షరాలు దిద్దింది వాటిలోనే. 2022లో కార్డినల్ అయిన పూల ఆంథోనీ గారు కర్నూలు మేత్రాసనంలోని పోలూరు మనిషే, దళిత కుటుంబం నుంచి వచ్చినాయన. కాబట్టి నేను ఈ స్కూళ్ల మీద కోపంతో రాయడం లేదు. కానీ దయ వేరే, కాపలా వేరే. అన్నం పెట్టిన చేతిని ప్రశ్న అడగకూడదనే మర్యాద పెద్దవాళ్ల మధ్య నడుస్తుందేమో. దాని బరువు ఆరేళ్ల పిల్ల మోయకూడదు.

నేను చదివిన హాస్టల్ సంగతి చెప్తాను, పేరు అనవసరం. అమ్మానాన్నలు సుగ్గికి పోయిన కొత్తలో చిన్న పిల్లలు రాత్రిపూట పక్క తడిపేవాళ్లు. అక్కడ ఉన్న ఆయా ఆ పరుపును పిల్లోని నెత్తిన పెట్టి, ప్రేయర్‌కు నిలబడిన అందరి ముందూ తిప్పేది. మా తాండా పిల్లోడు ఒకడు, వానికి ఏడేళ్లు, సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసినాడు. మార్చి ఎండల్లో కూడా తాగడు. పెదాలు పగిలిపోయినాయి. ఎందుకు తాగవంటే చెప్పడు. చెప్పాలంటే తెలుగులో చెప్పాల. వానికి వచ్చింది గోర్‌బోలి. టీచర్లకు అది రాదు. అక్కడ ఫిర్యాదుల పెట్టె కూడా ఒకటి ఉండేది, తాళం వేసి, నీటుగా రంగేసి. అందులో వేయడానికి ముందు రాయడం రావాల కదా!

ఆ మరుసటి ఏడు ఒక కొత్త సిస్టర్ వచ్చింది. కేరళ ఆమె, ఆమెకూ తెలుగు అంతంత మాత్రమే. అందుకేనేమో మా మాటలు నేర్చుకునింది. యాడి అంటే అమ్మ, బాటి అంటే రొట్టె, పాణి అంటే నీళ్లు. రాత్రి పడుకునే ముందు ఒక్కొక్కరి మంచం దగ్గరికి వచ్చి "పాణి?" అని అడిగేది. పరుపు మోయించడం ఆమె వచ్చిన వారంలోనే ఆగిపోయింది. ఆయాను వంటింటి పనికి మార్చినారు. ఆ పిల్లోడు మళ్లీ నీళ్లు తాగినాడు. ఆమె కొత్త రూల్ ఏదీ తేలేదు. పిల్లోడు మాట్లాడే భాషలో అడిగింది, అంతే.

చట్టం కూడా ఈ మాటే చెప్తుందని మనలో చాలామందికి తెలియదు. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టంలో 19వ సెక్షన్ చూడండి. పద్దెనిమిదేళ్ల లోపు బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పాల. టీచర్, వార్డెన్, ఫాదర్, పక్కింటాయన, ఎవరైనా సరే. బిడ్డకు అర్థం కాని భాషలో రాసుకుంటుంటే దుబాసీని పెట్టాలని కూడా అదే సెక్షన్లో ఉంది. అంటే మన పిల్ల గోర్‌బోలిలో చెప్పొచ్చు. చెంచు పిల్ల, ఎరుకల పిల్ల తనకు వచ్చిన మాటలో చెప్పొచ్చు. 24వ సెక్షన్ ప్రకారం బిడ్డను రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. వాంగ్మూలం ఇంటి దగ్గరో, బిడ్డ కోరిన చోటనో తీసుకోవాల. వచ్చే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. తెలిసి కూడా చెప్పకుండా దాచితే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచితే ఏడాది దాకా. "స్కూలు పేరు పోతుంది, మనలో మనం చూసుకుందాం" అనే పెద్దమనుషుల పంచాయతీ ఉంది చూడండి, ఆ మాటకు ఈ చట్టంలో చోటు లేదు.

చర్చి లోపలి నియమం కూడా మారింది. 2019 మేలో పోప్ ఫ్రాన్సిస్ ఒక ఆజ్ఞ ఇచ్చినారు. లైంగిక వేధింపు గానీ, దాన్ని కప్పిపుచ్చడం గానీ తమకు తెలిస్తే ఫాదర్లు, మఠకన్యలు పైవాళ్లకు చెప్పి తీరాలని, ప్రతి మేత్రాసనంలో ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ఉండాలని అందులో ఉంది. కాబట్టి "మీ దగ్గర ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు సిస్టర్?" అని అడిగితే అది అవమానం కాదు. వాళ్ల పెద్దలు వాళ్లకు పెట్టిన పనే.

దెబ్బల సంగతి మాత్రం కొంచెం మెలిక. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడం, మనసు నొప్పించేలా వేధించడం రెండూ నిషేధించింది. అయితే 2014 మేలో సుప్రీంకోర్టు మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని చెప్పింది. సిస్టర్ల స్కూళ్లు ఆ లెక్కలోకే వస్తాయి. ఆ తీర్పును మళ్లీ చూడాల్సి ఉందని 2025 సెప్టెంబరులో ఇద్దరు జడ్జిల బెంచి అనింది. అది తేలేదాకా బెత్తానికి లైసెన్సు ఉన్నట్టు కాదు. బిడ్డ బాధ్యత చేతిలో ఉన్నవాళ్లు క్రూరంగా చూస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ఉంది. దానికి మైనారిటీ, మెజారిటీ అనే తేడా లేదు.

ఇంకో విషయం రాయకుండా ఉండలేను. 2017 ఆగస్టులో కర్నూలు దగ్గర ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూలు హాస్టల్లో పదో తరగతి చదివే మన సుగాలి అమ్మాయి చనిపోయింది. అది సిస్టర్ల స్కూలు కాదు. బిడ్డ ఉరేసుకుందని చెప్తే తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, అత్యాచారం చేసి చంపినారని ఏళ్లకేళ్లు తిరిగినారు. 2020లో ప్రభుత్వం కేసును సీబీఐకి అప్పగించింది. ఆ బిడ్డ పేరు మీకందరికీ తెలుసు, నేను రాయను. ఇట్లాంటి కేసుల్లో బిడ్డ పేరు, ఫోటో, స్కూలు, ఊరు బయట పెట్టకూడదని పోక్సో 23వ సెక్షన్ చెప్తుంది. న్యాయం కోసమని మనమే స్టేటస్‌లలో ఫోటోలు తిప్పుతుంటాం. మన కోపం న్యాయమైందే, కానీ రేపు ఇంకో బిడ్డ బతికి బయటపడితే, ఆమె మళ్లీ బడికి పోవాల గదా.

ఆ వార్త తర్వాత మా తాండాలో రెండేళ్లు ఆడపిల్లలను ఎవరూ హాస్టల్‌కు పంపలేదు. పంపకపోతే జరిగేదేందో మీకు తెలుసు. పదైదేళ్లకే పెళ్లి. అందుకే నేను పంపొద్దని చెప్పను. అడిగి పంపమంటాను.

చివరికి అమ్మను కూడా వెంటబెట్టుకొని పోయినాం. సిస్టరమ్మ మజ్జిగ ఇప్పించింది. రాత్రి పిల్లల గదిలో ఎవరు పడుకుంటారు, బాత్రూంకు లోపలి గడియ ఉందా, పక్క తడిపితే ఏం చేస్తారు, ఆదివారం బిడ్డ ఫోన్ చేసుకోవచ్చా అని అడిగినాను. ఆమె నొచ్చుకోలేదు. గడియ విరిగి ఉందని తనే చూపించి, జూన్ లోపల వేయిస్తామనింది. గోర్‌బోలి వచ్చినవాళ్లు ఉన్నారా అంటే కాసేపు ఆలోచించి, వంట చేసే ఆమె మన తాండా మనిషేనని చెప్పింది. ఆమెను పిలిపించి పిల్లకు చూపించినాం. బిడ్డను తీసుకుపోవడానికి ఎవరొస్తే పంపాలనేది మాత్రం ఎక్కడా రాసి లేదు. "మామ అని ఎవరొచ్చినా పంపుతారా?" అని మా అమ్మే అడిగింది. నేను కాదు, అమ్మే. సిస్టరమ్మ వెంటనే ఒక కాగితం తెచ్చి మా ముగ్గురి ఫోటోలు అడిగింది.

అప్లికేషన్లో తండ్రి ఫోన్ నంబరు ఒకటే గడి. సుగ్గిలో ఆ ఫోన్‌కు రీచార్జి ఉండదు, నంబరు మారిపోతుంది, ఒక్కోసారి మేస్త్రీ ఫోనే దిక్కు. అందుకని దాని పక్కన నా నంబరు, నంద్యాలలో డిగ్రీ చదివే మా చిన్నాన్న కూతురి నంబరు రాయించినాం. మీరూ ఇట్లా చేయొచ్చు. కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు హాస్టళ్లలో ఉండి చదివే మనం ఇంతమందిమి ఉన్నాం. మన తాండా పిల్లలు ఏ స్కూల్లో ఉన్నారో ఆ ఊర్లో ఒకరు రెండో ఆదివారం పోయి, బొరుగులో బిస్కెట్లో పట్టుకొని, పిల్లతో మన మాటలో అరగంట మాట్లాడి రావాల. స్కూలు వాళ్లకు ముందే చెప్పి, పేరు రాసి, అందరికీ కనపడేచోట కూర్చొని మాట్లాడాల. మనమూ బయటివాళ్లమే, మన మీద కూడా ఆ కట్టుబాటు ఉండాల.

1098 నంబరు పిల్లలకు కంఠస్థం చేయించండి. ఫ్రీ కాల్, రాత్రీ పగలూ తీస్తారు. మా అక్క బిడ్డకు అంకెలు తెలుగులో ఇంకా తడబడతాయి, మన మాటలో చెప్పి నేర్పినాం. ఏక్, సున్నా, నో, ఆట్. రొట్టె తింటూ కూడా అదే పాడుతోంది.

రెండో ఆదివారం పోగలిగినవాళ్లు మీ ఊరు, ఫోన్ నంబరు నాకు ఇన్‌బాక్స్‌లో పంపండి. పిల్లల పేర్లు మాత్రం ఇక్కడ రాయొద్దు.