సైనిక్‌పురి హాల్లో ఒక చిక్కుడుకాయల ప్లేటు

ఆదివారం పొద్దున ఆరున్నర. సైనిక్‌పురిలో ఒక కమ్యూనిటీ హాలు మెట్ల మీద కూర్చుని బీరు సీసాలు లెక్కపెడుతున్నాను. మొత్తం 120. అన్నీ కడిగినవే, లేబుళ్లు గీకేసినవే. వాకింగ్‌కి వెళ్తున్న ఒక అంకుల్ ఆగి, నన్నూ సీసాలనూ ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

అవి గులాబీల కోసమండీ! కొమ్మ పక్కకి వాలకుండా నిలబడాలంటే సన్న మెడ ఉన్న సీసా కావాలి. పూల షో పెట్టేవాళ్లకి ఇంతకంటే చవకైన ఫ్లవర్‌వాజ్ దొరకదు.

మా ఏరియా గార్డెనింగ్ క్లబ్ ఏటా ఫిబ్రవరిలో పూలు, కూరగాయల షో పెడుతుంది. మెంబర్లంతా చుట్టుపక్కలవాళ్లే. రిటైరైన ఆర్మీ ఆఫీసర్లు, రైల్వే వాళ్లు, టీచర్లు, మధ్యలో నాలాంటి ఐటీ వాళ్లు నలుగురైదుగురు. నిజానికి మెంబర్ మా అమ్మ. డాబా మీద ముప్పై కుండీలు ఆవిడవే. నాకు తెలిసిందల్లా వాటికి నీళ్లు పోయడం మర్చిపోవడం. కానీ 2025 షోకి ముందు మీటింగ్‌లో ఎవరో "మీ అబ్బాయికి ఎక్సెల్ వచ్చు కదా" అన్నారు. అంతే, ఆ ఏడాది షో బాధ్యత నా మీద పడింది.

పెరడు ఉన్న ఊరు

సికింద్రాబాద్ అంటే చాలామందికి స్టేషన్, ప్యారడైజ్ బిర్యానీ, ట్రాఫిక్. కానీ ఈ ఊరి పాత వీధుల్లో నడిస్తే ఇంకోటి కనిపిస్తుంది. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద వెలిసిన కంటోన్మెంట్ ఇది. పాత బంగ్లాలకి ఇంటికన్నా పెద్ద కాంపౌండ్లు ఉండేవి. లాలాగూడలో 1893 నాటి రైల్వే వర్క్‌షాప్ ఉంది. అటువైపు పాత క్వార్టర్లకి వెనకాల చిన్నదో పెద్దదో పెరడు ఉండేది. మిలిటరీలో రిటైరైనవాళ్లు ఇళ్లు కట్టుకున్న సైనిక్‌పురిలో ఇప్పటికీ గేటు మీదుగా బోగన్‌విలియా రోడ్డు మీదకి వాలుతుంది.

ఇప్పుడు చాలా ఇళ్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. పెరళ్లు పోయి కుండీలు, గ్రో బ్యాగులు, పాత పెయింట్ డబ్బాలు వచ్చాయి. మొక్కల పిచ్చి మాత్రం డాబా ఎక్కి కూర్చుంది.

ఆ జనవరిలో మా క్లబ్ మొత్తం బొల్లారం రాష్ట్రపతి నిలయంలో జరిగిన ఉద్యాన్ ఉత్సవ్‌కి వెళ్లింది. 1860లో కట్టిన భవనం, 90 ఎకరాల ఆవరణ. 2023 నుంచి సామాన్య జనం ఏడాది పొడవునా చూడొచ్చు. వరుసలు తీరిన పూలు చూసి మా ప్రెసిడెంట్ కల్నల్ అంకుల్‌కి ఊపొచ్చింది. వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో ప్రకటించేశారు: "మన షోకి కూడా ఒక స్టాండర్డ్ ఉండాలి. ఈసారి అంతా రూల్స్ ప్రకారం."

రూల్స్ రాయాల్సింది ఎవరు? నేనే.

ఫైండ్ అండ్ రీప్లేస్

పూల షోకి గుండెకాయ హాలు కాదు, పూలు కూడా కాదు. షెడ్యూల్. ఏయే విభాగాలున్నాయి, ఒక్కోదానిలో ఎన్ని కాయలు పెట్టాలి, ఎలా పెట్టాలి అన్నీ అందులోనే ఉంటాయి. మా భాషలో చెప్పాలంటే అదే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్.

ఇలాంటి షోలకి పుట్టిల్లు ఇంగ్లండ్. చెల్సీలో 1913 నుంచి జరుగుతున్న ఫ్లవర్ షో ప్రపంచమంతా తెలుసు. దాన్ని నడిపే రాయల్ హార్టికల్చరల్ సొసైటీకి కాయల్నీ పూలనీ ఎలా జడ్జ్ చేయాలో చెప్పే ప్రత్యేకమైన హ్యాండ్‌బుక్కే ఉంది. అక్కడి పల్లెటూరి షోల షెడ్యూళ్లు నెట్‌లో బోలెడు. మెట్టుగూడలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేలోపు నాలుగు డౌన్‌లోడ్ చేశాను.

చదువుతుంటే ముచ్చటేసింది. టమాటాలు ఐదు పెట్టాలి, ఐదూ ఒకే సైజు, ఒకే రంగు, తొడిమలతో సహా. ఎందుకంటే ఒక్క మంచి కాయ అదృష్టం కొద్దీ కాయొచ్చు. ఐదు ఒకేలా కాశాయంటే అది పెంచినవాళ్ల పనితనం. కుండీ మొక్కలైతే కనీసం రెండు నెలలు మీ దగ్గరే పెరిగి ఉండాలి. లేకపోతే కడియం నర్సరీల నుంచి వచ్చిన పూల కుండీని ముందు రోజు కొని తెచ్చి పెట్టేయొచ్చు కదా! పేరున్న కార్డు బోర్లా పెట్టాలి, జడ్జికి నంబరే కనిపించాలి. లాజిక్ అంతా పక్కాగా ఉంది.

రెండు రాత్రుల్లో మన షెడ్యూల్ తయారు. 24 విభాగాలు. లీక్స్, పార్స్‌నిప్‌ల లాంటివి తీసేశాను. స్పినాచ్ ఉన్నచోట పాలకూర పెట్టాను. 'రన్నర్ బీన్స్' ఉన్నచోట ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి 'చిక్కుడు' అని మార్చాను. దాని పక్కనున్న వాక్యం అలాగే ఉండిపోయింది: తొమ్మిది కాయలు, నిటారుగా, ఒకే పొడవు.

నిటారుగా ఉండే మన చిక్కుడుకాయని మీరెప్పుడైనా చూశారా? నేనూ చూడలేదు. కానీ ఆ రాత్రి నాకు తట్టలేదు.

ఎన్.ఏ.ఎస్.

షో రోజు ఏడు నుంచి తొమ్మిది వరకు ఎంట్రీలు పెట్టుకునే టైమ్. గులాబీలు ముందు రోజు సాయంత్రమే కోసి, మెడ దాకా నీళ్లలో ముంచి ఉంచినవాళ్లవి తాజాగా ఉన్నాయి. పొద్దున కోసి స్కూటీ మీద తెచ్చినవాళ్లవి అప్పటికే తల వేలాడేశాయి. ఆకుకూరల మీద తడిగుడ్డలు. చామంతులు, బంతులు, డాలియాలతో హాలు గుప్పుమంటోంది.

తొమ్మిదిన్నరకి అందర్నీ బయటికి పంపి తలుపులేశాం. జడ్జి మేడం వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆవిడ వెనకాల రిజల్ట్స్ రాసుకుంటూ నేను. ఆకు తిరగేసి కింద పురుగు ఉందేమో చూస్తున్నారు. బెండకాయ కొన విరిచి, టప్పుమంటే తలూపుతున్నారు. బారెడు పొట్లకాయ దగ్గర కల్నల్ అంకుల్‌కి డౌటొచ్చింది. "కొసకి రాయి కట్టి సాగదీశారు, చీటింగ్ కాదా?" మేడం నవ్వేశారు. "రాయి కట్టకపోతే పాములా చుట్టుకుంటుంది సార్. అది కూడా పెంపకమే."

తర్వాత 17వ నంబరు ప్లేటు. చిక్కుడు. అంచుకి ఊదా రంగు గీత ఉన్న కాయలు. కొన్ని వేలెడు లేవు, కొన్ని గింజ పట్టి ఉబ్బాయి, కొన్ని పూర్తిగా ఎండిపోయి చేతిలో తీసుకుంటే గలగలమంటున్నాయి. పక్కన ఓ పుంటికూర కట్ట. దానికి మన షెడ్యూల్‌లో విభాగమే లేదు.

మేడం కాసేపు ఆ ప్లేటు ముందే నిలబడ్డారు. కాయ వాసన చూశారు. తర్వాత నావైపు తిరిగి, "ఎన్.ఏ.ఎస్. అని రాయి" అన్నారు. నాట్ యాజ్ షెడ్యూల్. అంటే నిబంధన ప్రకారం లేదు కాబట్టి అసలు పోటీలోకే రాదు.

"మేడం, కాయలు బాగానే ఉన్నాయి కదా?"

"చాలా బాగున్నాయి. కానీ రూల్ రాసింది నువ్వు బాబూ, నేను కాదు."

రాశాను.

పదకొండింటికి తలుపులు తెరిచాం. జనం, సెల్ఫీలు, పిల్లల గోల. డెబ్భై దాటిన ఒకావిడ 17వ నంబరు దగ్గర ఆగి, కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. నా మెడలో బ్యాడ్జి చూసి పిలిచింది.

"బిడ్డా, ఇది ఎన్నో ప్రైజు?"

ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోయినప్పుడు కూడా నా నోరు అంతగా ఎండిపోలేదు. రూల్ గురించి, కొలత గురించి ఏదో చెప్పాను. ఆవిడ మొత్తం విన్నది. "అట్లనా" అన్నది. కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

కంపోస్ట్ డ్రమ్ములో

నాలుగింటికి షో అయిపోయింది. ఎవరి కాయలు వాళ్లు తీసుకెళ్లారు. 17వ ప్లేటు మాత్రం అక్కడే ఉంది. అందులో పచ్చి కాయలే ఉన్నాయి, ఎండినవి లేవు. వాలంటీర్ కుర్రాడిని అడిగితే, "పాడైనవి కదన్నా, కంపోస్ట్ డ్రమ్ములో వేసేశా" అన్నాడు.

ఎందుకో ఊరుకోలేకపోయాను. ఫోన్ టార్చ్ వేసుకుని, వాడిన బంతిపూలూ ముల్లంగి ఆకులూ తోడి, మూడు ఎండు చిక్కుళ్లు పట్టుకున్నాను. రిజిస్ట్రేషన్ షీట్‌లో అడ్రస్ చూసి మల్కాజిగిరిలో వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను.

తలుపు తీసి నన్ను చూసి ఆశ్చర్యపోయింది. ప్లేటు ఇచ్చి, "సారీ అమ్మమ్మా, ఎండినవి మూడే దొరికాయి, మిగతావి డ్రమ్ములో..." అంటుంటే ఫక్కున నవ్వింది.

"వీటికోసం చెత్తల చెయ్యి పెట్టినవా? ఇంట్ల డబ్బ నిండ ఉన్నయి గద బిడ్డా!"

లోపల్నుంచి పాత హార్లిక్స్ సీసా తెచ్చి చూపించింది. బూడిద కలిపిన గింజలు. పురుగు పట్టకుండా బూడిద. ఆ గింజ ఆవిడ పుట్టిల్లు జనగామ వైపు పల్లె నుంచి వచ్చింది. ఆయన లాలాగూడ వర్క్‌షాప్‌లో పనిచేసినన్నాళ్లూ క్వార్టర్ వెనకాల పందిరి మీద కాసింది. రిటైరై క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు పందిరి రాలేదు, సీసా వచ్చింది. ఇప్పుడు డాబా మీద నీళ్ల ట్యాంకు స్టాండుకి పాకుతోంది.

"మరి అన్ని రకాల కాయలు ఎందుకు పెట్టారమ్మమ్మా?"

ప్లేటులోంచి ఒక్కోటి తీసి చెప్పింది. "ఇవి లేతయి, ఉత్తగ ఏంచుకోవచ్చు. ఇవి గింజ వట్టినయి, టమాటతోని వండాలె. ఇవి ఎండినయి, ఇత్తనానికి. సూసినోళ్లు ఎవ్వరన్న అడిగితే ఇద్దామని తెచ్చిన." ఆగి అడిగింది: "ఎవ్వరన్న అడిగిన్రా?"

ఎవరూ అడగలేదు. ఎన్.ఏ.ఎస్. అని కార్డున్న ప్లేటు దగ్గర ఎవరాగుతారు?

ఇంటికొచ్చేటప్పుడు బండి మీద ఒకటే ఆలోచన. ఇన్‌పుట్ తప్పని ఎర్రర్ చూపించాను. తప్పు ఇన్‌పుట్‌లో లేదు, నా స్పెక్‌లో ఉంది.

కొత్త షెడ్యూల్

ఈ ఏడాది, అంటే 2026 షోకి, షెడ్యూల్ డౌన్‌లోడ్ చేయలేదు. నాలుగు ఆదివారాలు మెంబర్ల డాబాలు ఎక్కాను. ఏం పెంచుతున్నారో, ఎప్పుడు కోస్తారో, మంచి కాయంటే వాళ్ల లెక్కలో ఏంటో రాసుకున్నాను. పుంటికూర, గంగవాయిలి కూర, బచ్చలి, పొట్ల, దోస అన్నిటికీ విభాగాలొచ్చాయి. చిక్కుడు దగ్గర ఇలా రాశాం: లేతవి మూడు, గింజ పట్టినవి మూడు, ఎండినవి మూడు. కార్డులు తెలుగులో కూడా.

కల్నల్ అంకుల్ ఒప్పుకోలేదు. "ఇలా అందరికీ సరిపోయేలా మార్చుకుంటూ పోతే అది పోటీ ఎలా అవుతుంది?" ఆయన మాట కొట్టిపారేసేది కాదు. గులాబీలకీ టమాటాలకీ పాత రూలే ఉంచాం. ఐదు ఒకేలా పండించడం నిజంగా కష్టమే, దానికి దక్కాల్సిన ప్రైజు దక్కాలి. కాకపోతే ప్రతి కాయకీ అదే పరీక్ష పెట్టకూడదు.

ఇంకోటి కూడా చేశాం. గుమ్మం పక్కన విత్తనాల బల్ల. ఎండు చిక్కుళ్ల ముందు మూడు పేర్లు రాశాం: చిక్కుడు, సేమ్, అవరక్కాయ్. సికింద్రాబాద్ కదా, ఒక్క భాషతో పని జరగదు. మధ్యాహ్నానికల్లా అమ్మమ్మ తెచ్చిన పొట్లాలు అయిపోయాయి. అందులో ఒకటి ఇప్పుడు మా డాబా మీద మొలకెత్తింది. దీనికైనా నీళ్లు పోయడం మర్చిపోకూడదని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను.

చిక్కుడు విభాగంలో ఈసారి ఆరు ప్లేట్లు వచ్చాయి. అమ్మమ్మకి రెండో బహుమతి. పరుగెత్తుకెళ్లి నేనే చెప్పాను, సంతోషిస్తుందని. ఆవిడ ఫస్ట్ ప్రైజు ప్లేటు దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో కాయా పరీక్షగా చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"రెండోది ఎందుకొచ్చింది బిడ్డా? ఏదీ, రూలు సూపియ్యి."