ఆ మూడు రెమ్మలు

పెరట్లో కరివేపాకు చెట్టుకి పురుగు పట్టిందని అమ్మ వేపనూనె కొడతానంటే నేనే అడ్డుపడ్డాను. జాలిపడి కాదు. అప్పుడే మాక్రో లెన్సు కొన్నాను, దానికి పని కావాలి.

అవి కామన్ మార్మన్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు. చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటాయి. ఒకదాన్ని రెట్టే అనుకుని గోటితో గీకేశాను కూడా. పెరిగాక పచ్చబడతాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి జంట కొమ్ములు బయటికొచ్చి ఘాటైన వాసన కొడుతుంది. ఆ కొమ్ముల ఫొటో కోసం ఒకే పురుగుని పుల్లతో పదిసార్లు పొడిచాను. భయపడి చేసే పనని తెలిసే పొడిచాను.

మొదటి నెల తీసినవన్నీ చెత్త. వెనకంతా వెన్నలా కరిగిపోవాలని అపర్చర్ ఎఫ్2.8 దగ్గరే పెట్టేవాణ్ణి. పురుగు ఎంత ఉందో సెన్సార్ మీద అంతే పడేంత దగ్గరికి వెళితే, ఆ అపర్చర్‌లో స్పష్టంగా వచ్చే లోతు అర మిల్లీమీటరు కూడా ఉండదు. తల కుదిరితే ఒళ్ళు అలుక్కుపోయేది. ఊపిరి బిగబట్టినా కెమెరా కదిలేది. చివరికి ఎఫ్11కి వెళ్ళి, ఫ్లాష్ ముందు తెల్లకాగితం అడ్డుపెట్టి, గాలి లేవకముందే ఏడింటిలోపు తీయడం మొదలుపెడితే దారిలో పడింది.

అదే కొంప ముంచింది. ఎఫ్11లో వెనకున్న ఆకులు కూడా కనిపించడం మొదలుపెట్టాయి.

ఒక పురుగు ప్యూపాగా మారింది. తాడెక్కిన గీత కార్మికుడు మోకు మీద వెనక్కి వాలినట్టు, నడుముకి పట్టుదారం చుట్టుకుని కొమ్మకి ఆనుకుని ఉంది. లేతాకుపచ్చ. దాని చుట్టూ మూడు రెమ్మలు అడ్డం. కత్తెర తెచ్చి కోసేశాను. ఫొటో అద్భుతంగా వచ్చింది. బంధువుల వాట్సాప్ గ్రూపులో నేను ఆ రోజుకి మొనగాణ్ణి.

"పోపులోకి రెండాకులు చాలు కదరా, ఇన్ని కోశావేం?" అంది అమ్మ. ఏమీ చెప్పలేదు.

మూడోరోజు పొద్దున చూస్తే కొమ్మకి తెగిన దారం మాత్రమే ఉంది. పికిలిపిట్టో, ఇంకేదో, నేను చూడలేదు. ఈ జాతి ప్యూపా పచ్చని ఆకుల మధ్య పచ్చగా, ఎండుపుల్ల మీద గోధుమరంగులో ఏర్పడుతుందని తర్వాత చదివాను. అది రంగు కలుపుకున్నది ఆ ఆకులతోనే. నాకు అడ్డమైనవీ అవే.

ఇప్పుడు జేబులో బట్టల క్లిప్పులుంటాయి. అడ్డొచ్చిన రెమ్మని పక్కకి వంచి క్లిప్పు పెడతాను, తీశాక వదిలేస్తాను. వంగని రెమ్మ ఉంటే ఫొటో మానేస్తాను, మానేసినవే ఎక్కువ.

ఆ ఫొటో ఇంకా ఫోన్లో ఉంది. పెద్దది చేసి చూస్తే ఎడమ మూలన కోసిన కాడ మొండి కనిపిస్తుంది. క్రాప్ చేస్తే పోతుంది. చేయలేదు.