పప్పు ఉడకని నీళ్లలో ఆఫ్రికా చేపలు

వంటకి పనికిరావు, స్నానానికి పనికిరావు అని మనం విసుక్కునే బోరు నీళ్లలో హాయిగా ఈదే చేపలున్నాయి. వాటి పుట్టిల్లు ఆఫ్రికా. వాటికి కోడుమూరు లాంటి ఊళ్లో కాపురం పెట్టించవచ్చా?

కందిపప్పు పొయ్యి మీద పెడితే గంటైనా మెత్తబడదు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. బిందె అడుగునా, గీజరు లోపలా తెల్లటి పొర పేరుకుపోతుంది. కర్నూలు జిల్లాలో బోరు నీళ్లతో సంసారం ఈదుతున్న ఏ ఇల్లాలిని అడిగినా చెప్పే కష్టాలే ఇవి. నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువైతే వచ్చే తంటా ఇది. తాగే నీళ్లలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుంటే మంచిదని, వేరే దారి లేకపోతే 600 వరకూ సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. సీమలో ఆ గీత దాటే బోర్లు కూడా ఉన్నాయి.

అయితే ఆఫ్రికాలోని మలావి, టాంగన్యికా సరస్సుల నుంచి ప్రపంచమంతటా అక్వేరియాల్లోకి చేరిన సిక్లిడ్ చేపలకు మెత్తని నీళ్లు పడవు. క్షారగుణం ఉన్న గట్టి నీళ్లే కావాలి. వర్షపు నీళ్లలో పెడితే నీరసిస్తాయి. మన 'చెడ్డ' నీళ్లలో రంగులు విప్పుకుంటాయి!

హంద్రీ పక్కన ఓ ఊరు

కర్నూలులో బళ్లారి దారి పట్టి నలభై కిలోమీటర్లలోపు వెళ్తే కోడుమూరు వస్తుంది. దారికిరువైపులా నల్లరేగడి చేలు, మధ్యమధ్య గుండ్రాళ్ల గుట్టలు. ఊళ్లో చీరలు నేసే మగ్గాలు. పక్కనే హంద్రీ. నదేగానీ ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. మద్దికెర ప్రాంతంలోని పొలాల్లో పుట్టి, కర్నూలు దగ్గర తుంగభద్రలో కలుస్తుంది. ఎగువన గోనెగండ్ల మండలంలో నాలుగున్నర టీఎంసీల సామర్థ్యంతో కట్టిన గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది. ఈ జిల్లా బిడ్డ, మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరు మీద దాన్ని సంజీవయ్య సాగర్ అని కూడా అంటారు. వాన పడితే పంట, లేకపోతే వలస అన్నట్టుండే నేల ఇది.

ఇలాంటి చోట నట్టింట్లో గాజుపెట్టె పెట్టి, దాన్నిండా నీళ్లు నింపి, చేపల్ని పెంచడమా? మనుషులకే బిందెలు వరస పెట్టాల్సి వస్తుంటే ఇదేం సరదా అని ఇరుగుపొరుగు అడిగితే తప్పేముంది? న్యాయమైన ప్రశ్నే. లెక్క చూద్దాం.

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న అక్వేరియంలో అంచు దాకా పోస్తే సుమారు 255 లీటర్లు పడతాయి. ఒకసారి నింపితే నింపినట్టే. ఆ తర్వాత వారానికి నాలుగో వంతు మార్చాలి. అంటే అరవై లీటర్ల పైచిలుకు... పదిహేను లీటర్ల బిందెలు నాలుగు. తాగే నీళ్లు అక్కర్లేదు, బోరు నీళ్లు చాలు. తీసిన నీళ్లను మోరీలో పారబోయకూడదు. చేపల వ్యర్థాల వల్ల వాటిలో నత్రజని ఉంటుంది కాబట్టి కరివేపాకు, మల్లె, జామ మొక్కలకు అవి ఎరువుతో సమానం. ఎటూ పెరట్లో మొక్కలకు పోసే ఇంట్లో అయితే అక్వేరియానికంటూ అదనంగా ఖర్చయ్యే నీళ్లు కొద్దిగానే. మొక్కల్లేని ఇంట్లో, బోరు ఎండిన వీధిలో మాత్రం ఈ సరదా వద్దు.

ఒక్కో సరస్సు ఒక్కో లోకం

సిక్లిడ్లు మనకు బొత్తిగా కొత్తేం కాదు. మన ఇళ్లలో కనిపించే ఏంజెల్ ఫిష్, ఆస్కార్ ఆ కుటుంబంలోవే. వాటిది దక్షిణ అమెరికా. అదృష్టం తెస్తుందని కొందరు నమ్మే ఫ్లవర్‌హార్న్ అమెరికా సిక్లిడ్లను సంకరం చేసి పుట్టించిన చేప. కేరళవాళ్లు లొట్టలేసుకుంటూ తినే కరిమీన్ మన దేశపు సిక్లిడ్. దాని దగ్గరి చుట్టాలు ఎక్కడో మడగాస్కర్‌లో ఉన్నాయి!

కానీ ఈ కుటుంబం వైభవమంతా ఆఫ్రికాలోనే చూడాలి. మలావి సరస్సు పొడవు సుమారు 580 కిలోమీటర్లు, లోతు దాదాపు 700 మీటర్లు. అందులో వందలాది రకాల సిక్లిడ్లున్నాయి. వాటిలో చాలావరకూ ప్రపంచంలో ఇంకెక్కడా దొరకవు. అందుకే అక్కడి జాతీయ పార్కును యునెస్కో 1984లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. టాంగన్యికా ఇంకా లోతు, 1,470 మీటర్లు. అక్కడి సిక్లిడ్లలో కొన్ని ఖాళీ నత్తగుల్లల్లోనే కాపురం ఉంటాయి.

మలావి రాళ్ల సందుల్లో తిరిగే రకాల్ని అక్కడివాళ్లు 'ఎంబూనా' అంటారు. నిమ్మపండు రంగువి, నీలివి, నలుపూ పసుపూ చారలవి... సముద్రపు చేపలకు తీసిపోని రంగులు. ఇక లివింగ్‌స్టన్ పేరు పెట్టుకున్న చేప నటన చూసి తీరాల్సిందే. 1859లో ఆ సరస్సు చేరిన అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్ పేరే అది. ఈ చేప ఇసుక మీద చచ్చినట్టు పక్కకి పడుకుంటుంది. ఒంటి మీది మచ్చలు చూస్తే కుళ్లిపోతోందేమో అనిపిస్తుంది. కొరుక్కుతిందామని చిన్న చేపలు దగ్గరికొస్తాయి. అంతే... చటుక్కున లేచి మింగేస్తుంది!

నోరే ఉయ్యాల

ఎంబూనా చేపల్లో ఆడది గుడ్లు పెట్టిన వెంటనే నోట్లోకి తీసుకుంటుంది. మగచేప అడుగు రెక్క మీద అచ్చం గుడ్లలాంటి చుక్కలుంటాయి. అవీ తన గుడ్లేననుకుని తల్లి నోటితో అందుకోబోతుంది. ఆ సమయంలో మగది వదిలిన వీర్యం నోట్లోకి చేరి గుడ్లు ఫలదీకరణ చెందుతాయి. అక్కణ్నుంచి సుమారు మూడు వారాలు తల్లికి పస్తే. గొంతు కింద సంచిలా ఉబ్బుతుంది. మేత వేసినా ముట్టదు. చివరికి ఇరవయ్యో ముప్ఫయ్యో పిల్లలు నోట్లోంచి బయటికొస్తాయి.

పిల్లలు కావాలనుకునేవాళ్లు ఒక మగచేపకు కనీసం మూడు ఆడచేపల్ని పెట్టాలి. లేదంటే మగది ఒక్కదాన్నే తరిమి తరిమి చంపుతుంది. నోట్లో గుడ్లున్న తల్లిని పద్దెనిమిది, ఇరవై రోజుల మధ్య మెల్లగా వేరే తొట్టిలోకి మార్చాలి. పిల్లలకు మెత్తగా నలిపిన మేత చాలు. పోలికలున్న రెండు జాతుల్ని మాత్రం కలిపి ఉంచకూడదు. సంకరం జరిగితే అసలు జాతి పోతుంది.

గట్టి నీళ్లయినా గుడ్డిగా వద్దు

బోరు నీళ్లన్నీ ఒకటి కావు. కాఠిన్యం వేరు, ఉప్పదనం వేరు. నిజానికి మలావి నీళ్లు మన బోరు నీళ్లంత బరువైనవి కావు. వాటిలో ముఖ్యమైంది క్షారగుణం. పీహెచ్ ఎనిమిది అటూఇటుగా ఉంటుంది, ఎప్పుడూ మారదు. టాంగన్యికాలో అది తొమ్మిది దాకా వెళ్తుంది. తొట్టెల్లో పుట్టి పెరిగిన చేపలు ఇంకాస్త గట్టి నీళ్లకూ అలవాటు పడతాయిగానీ, నాలుక మీద ఉప్పగా తగిలే నీళ్లు వద్దు. ఒకసారి పరీక్ష చేయించడం మేలు.

రాళ్ల కోసం దూరం పోనక్కర్లేదు. నంద్యాల జిల్లా బేతంచెర్ల నాపరాళ్లు సున్నపురాయే. పదునైన అంచులు అరగదీసి, గూళ్లలా పేరిస్తే చేపలకు ఇళ్లు, నీళ్లకు క్షారగుణం. ఈ చేపలు ఇసుక తవ్వుతాయి కాబట్టి ముందు రాళ్లు పేర్చి, తర్వాత ఇసుక పోయాలి.

అసలు పరీక్ష ఎండాకాలం. బయట నలభై రెండు డిగ్రీలుంటే, వీటికి 24 నుంచి 28 డిగ్రీలు కావాలి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. తొట్టి మీద చిన్న ఫ్యాను పెడితే కొత్తకుండ సూత్రంతో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అయితే ఆవిరయ్యేది నీరే, లవణాలు అక్కడే మిగులుతాయి. ఆ లోటును బోరు నీళ్లతో కాకుండా వర్షపు నీళ్లతోనో, శుద్ధి చేసిన క్యాను నీళ్లతోనో పూడ్చాలి.

హంద్రీలో వదలొద్దు

ఆఫ్రికా సిక్లిడ్ ఒకటి ఎప్పుడో మన చెరువుల్లోకి వచ్చేసింది. అదే తిలాపియా... జిలేబి చేప. 1952లో శ్రీలంక నుంచి మన దేశానికి తెచ్చారు. అదీ పిల్లల్ని నోట్లో దాచుకునేదే. అందుకే ఎక్కడ పడితే అక్కడ బతికి, మన చేపల చోటు ఆక్రమించింది. 1959 నాటికే దాన్ని కొత్తగా వదలకుండా ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. విక్టోరియా సరస్సులో 1950లలో వదిలిన నైల్ పెర్చ్ అనే పెద్దచేప అక్కడి సిక్లిడ్ జాతుల్ని వందల సంఖ్యలో మింగేసింది.

పెద్దవై పోట్లాడుతున్నాయనో, ఊరు మారుతున్నామనో చేపల్ని నదిలో వదిలితే పుణ్యం రాదు. హంద్రీలో పడ్డ చేప తుంగభద్రకు, అక్కణ్నుంచి శ్రీశైలానికి వెళ్తుంది. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద చూసినవాళ్లకు నీళ్లకు గట్లు లేవని వేరే చెప్పాలా? అక్కర్లేని చేపల్ని దుకాణానికో, పెంచుకునే మరొకరికో ఇచ్చేయాలి. పప్పు ఉడకని నీళ్లు వాటికి నట్టింట్లో స్వర్గమైతే అవుతాయి. ఆ స్వర్గానికి నాలుగు గాజు గోడలుండాలి!

మొదలుపెట్టే ముందు...

* నీళ్లు పోసిన తొట్టి, రాళ్లు కలిపి మూడు వందల కిలోలు దాటుతుంది. గట్టి స్టాండు తప్పనిసరి.
* ఎండ నేరుగా పడే కిటికీ పక్కన పెట్టొద్దు.
* తొట్టి నింపగానే చేపలు వేయొద్దు. ఫిల్టర్ నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. మేలుచేసే సూక్ష్మజీవులు పెరగడానికే ఇదంతా. క్షార నీళ్లలో అమ్మోనియా మరింత విషం.
* ఎంబూనా రకాలు రాళ్ల మీది పాచి తినేవి. స్పైరులినా మేత, ఉడికించిన పాలకూర మంచివి. మాంసం పెడితే పొట్ట ఉబ్బి చనిపోతాయి.
* కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఒకరోజు బకెట్లో నిలవ ఉంచి వాడితే నయం.
* కరెంటు పోతే ఫిల్టర్ ఆగుతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.