కుడికాలి చదువు

పదహారో ఏట షెడ్డులో చేరినప్పుడు మా మేస్త్రి ముందుగా నా చేతికి స్పానరు ఇవ్వలేదు. నా కుడికాలికి చదువు చెప్పాడు.

అది 1984. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ళ మధ్య మాదొక రేకుల షెడ్డు. బుల్లెట్లు తప్ప వేరే బండి ముట్టుకునేవాళ్ళం కాదు. మిగతా మోటారు సైకిళ్ళకు ఎడమకాలితో గేరు, కుడికాలితో బ్రేకు. బుల్లెట్‌కు తిరగేసి ఉండేది. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. గేరు కడ్డీ దగ్గరే ఇంకో చిన్న కడ్డీ. రెండు, మూడు, నాలుగు, ఏ గేరులో ఉన్నా దాన్ని మడమతో ఒక్క నొక్కు నొక్కితే బండి సరాసరి న్యూట్రల్‌కు వచ్చేసేది. బెంజి సర్కిల్ దగ్గర పోలీసు చెయ్యి ఎత్తగానే ఠక్కున మడమ నొక్కి, చేతులు కట్టుకుని కూర్చోవడంలో ఉన్న దర్జా ఆ కడ్డీ వాడినవాళ్ళకే తెలుసు.

తర్వాత కిక్కు. బలమున్నవాడే బుల్లెట్ కొట్టగలడని జనం అనుకునేవాళ్ళు. బలంతో కొట్టినవాళ్ళంతా కుంటుకుంటూ వెళ్ళడం నేను చూశాను. అది లెక్క. తాళం తిప్పగానే హెడ్‌లైట్ గిన్నె మీదున్న ఆంపియర్ ముల్లు మైనస్ వైపు ఒరిగితే పాయింట్లు కలిసి ఉన్నట్టు. కిక్కును కాలితో నెమ్మదిగా దించుతుంటే ఒకచోట ముల్లు మధ్యకొచ్చి నిలబడుతుంది. పాయింట్లు విడిపోయాయి, పిస్టన్ పైకొచ్చింది. అక్కడ ఎడమచేతి కిందున్న డీకంప్రెసర్ లివరు నొక్కి, కిక్కును ఇంకొంచెం దించి, లివరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క తన్ను. తొందరపడ్డావా, టైమింగు ముందుకు జరిగి ఉందా, కిక్కు తిరగబడి పిక్క మీద కొడుతుంది. నా కుడి పిక్క మీద మచ్చ ఇప్పటికీ ఉంది. మా మేస్త్రి దాన్ని చూసి, "ఇప్పుడు పాసయ్యావురా" అన్నాడు.

కాలి తర్వాత చెవి. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపల ఏ బుష్షు అరిగిందో, ఏ పళ్ళు గీరుకుంటున్నాయో వినపడేది. చెవి తర్వాత వేళ్ళు. టాపెట్లు బిగించేటప్పుడు ఇంజను చల్లగా ఉండాలి. పుష్‌రాడ్‌ను రెండు వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. కొలిచే పరికరమేమీ లేదు, ఆ రెండు వేళ్ళే. ఫీలర్ గేజి ఉండేది గానీ దాన్ని పాయింట్ల మధ్య సందు చూడటానికే తీసేవాళ్ళం. ఆయిలు మూడు చోట్ల పొయ్యాలి: ఇంజనుకు, గేరుబాక్సుకు, ప్రైమరీ చైను డబ్బాకు. పాత బుల్లెట్ నిలబెట్టినచోట నేల మీద చుక్క పడుతుందని ఎగతాళి చేస్తారు. నా అనుభవంలో ఆ చుక్కలో సగం తప్పు మాదే, ప్యాకింగు సరిగా కూర్చోబెట్టని చేతిది.

చెప్పొచ్చేదేమిటంటే, ఆ బండి నడిపేవాడికీ బాగుచేసేవాడికీ పెద్ద తేడా ఉండేది కాదు. ప్లగ్గు విప్పి, బొగ్గు గీకి, మళ్ళీ బిగించడం రాని బుల్లెట్ యజమాని నాకు ఆ రోజుల్లో తగల్లేదు. పోలీసు ఇన్‌స్పెక్టర్లు, దివిసీమ రైతులు, కాంట్రాక్టర్లు, అందరి టూల్‌బాక్సులోనూ ఓ పాత గుడ్డ, ఓ స్పేరు ప్లగ్గు.

ఇప్పుడు ఇలాంటి బళ్ళను 'రెట్రో' అంటున్నారు. వేరే దేశాల్లో పాత బండి చచ్చిపోయాక దాని రూపానికి మళ్ళీ ప్రాణం పోశారు. మన బుల్లెట్ కథ అలా కాదు. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో 1932లో ఆ పేరుతో మొదటి బండి వచ్చింది. సైన్యం కోసం మనవాళ్ళు తెప్పించుకున్నారు. 1955లో ఆ రెడ్డిచ్ కంపెనీవాళ్ళు మద్రాసు మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు, తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ కట్టారు. 1970ల మొదట్లో ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడింది. ఇక్కడ మాత్రం అదే ఇనప సిలిండరు, అదే 70 మిల్లీమీటర్ల బోరు, అదే 90 మిల్లీమీటర్ల స్ట్రోకు. పుట్టింట్లో దీపం ఆరిపోయినా అత్తారింట్లో పచ్చగా ఉన్న ఆడపడుచులాంటిది ఆ బండి. మేము దాన్ని పాతది అనుకోలేదు. బుల్లెట్ అంటే అదే అనుకున్నాం.

సామాన్లకు మద్రాసు వెళ్ళేవాణ్ణి. 1992లో పినాకిని ఎక్స్‌ప్రెస్ మొదలయ్యాక తెల్లవారుజామున ఎక్కితే మధ్యాహ్నానికల్లా అక్కడ. పుదుప్పేట సందుల్లో పాత సామాను గుట్టల మధ్య చెమటలు కక్కుతూ గేరు పళ్ళు ఏరేవాణ్ణి. ఒకసారి కొత్త డబ్బాలో నకిలీ పిస్టన్ రింగులు అంటగట్టారు. అవి ఎక్కించిన బండి పదిహేను రోజులకే నీలంగా పొగ వదులుతూ తిరిగొచ్చింది. డబ్బు పోయింది, పరువూ కొంత పోయింది. అప్పటినుంచి రింగును బోరులో పెట్టి సందు చూడకుండా బండికి ఎక్కించలేదు.

2000 తర్వాత ఎడమకాలి గేర్లొచ్చాయి. 2009లో క్లాసిక్ వచ్చింది, ఇంజనూ గేరుబాక్సూ ఒకే ఒంటిలో. పొగ నిబంధనలు బిగిసేసరికి ఏడాది తిరగకుండానే పాత ఇనప ఇంజను ఆగిపోయింది. ఆ కొత్త ఇంజనులో టాపెట్లు ఆయిలు ఒత్తిడితో వాటంతటవే సర్దుకుంటాయి. పాతికేళ్ళు సాధన చేసిన నా రెండు వేళ్ళకు ఒక్కసారిగా సెలవు. ఆ కాలం గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు. పాత బళ్ళు చూసుకుంటూ గడిపేశాను.

2021లో రెండు జరిగాయి. 'బుల్లెట్టు బండి' పాట ఊరూరా పెళ్ళి ఊరేగింపుల్లో మోగింది. ఆర్నెల్లు తిరక్కుండా సెప్టెంబరులో క్లాసిక్ 350 పూర్తిగా కొత్త ఇంజనుతో వచ్చింది. ఊరేగింపుకు బండి కడిగి మెరుగుపెట్టి ఇమ్మని వచ్చేవాళ్ళతో షెడ్డు కళకళలాడింది గానీ, కొత్త ఇంజను బళ్ళు మాత్రం మా గుమ్మం తొక్కలేదు. వారంటీ ఉన్నన్నాళ్ళూ అవి షోరూము బిడ్డలు.

చివరికి మా గుమ్మంలోకి వచ్చిన మొదటి కొత్త బండి ఒక రిటైరైన లెక్చరర్ గారిది. మా షెడ్డుకు ముప్పై ఏళ్ళ ఖాతా ఆయన. 1979 నాటి తన బుల్లెట్‌ను మోకాళ్ళ నొప్పితో అమ్మేసి, సెల్ఫ్ ఉంది కదా అని కొత్తది కొన్నారు. ఒకరోజు వచ్చి స్టాండు వేసి, "ఏమోయ్ మేస్త్రీ, కొన్నానే గానీ నాకూ దీనికీ మాటల్లేవు. ఓసారి నడిపి చూడు, రోగమేంటో చెప్పు" అన్నారు.

మర్నాడు తెల్లారకముందే తీశాను. పైకి చూస్తే తేడా లేదు. అదే బొజ్జ ట్యాంకు, హెడ్‌లైట్ పక్కన పులికళ్ళనే అవే రెండు చిన్న దీపాలు. ఆంపియర్ ముల్లు ఉన్న ఆ గిన్నె మీద ఇప్పుడు దారి చూపే చిన్న గుండ్రటి తెర. కిక్కు లేదు. బొటనవేలితో నొక్కాను, పలికింది. ఏదో ఎగ్గొట్టి గుడిలోకి దూరినట్టనిపించింది.

బందరు రోడ్డు మీద మొదటి సిగ్నలు దగ్గరే నా చదువు బయటపడింది. గేరు పెంచాలనుకుని కుడికాలు నొక్కాను. అది బ్రేకు. బండి ముక్కు దించి ఆగింది. వెనక పాలవాడు నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయను. అన్ని రకాల బళ్ళూ నడిపినవాణ్ణే. చేతక్ మీద కూర్చుంటే నా కాలు ఎప్పుడూ తడబడలేదు. కానీ ఆ ట్యాంకు, ఆ కూర్చునే తీరు, ఆ పులికళ్ళు కాలికి "ఇది బుల్లెట్" అని చెప్పేశాయి. కాలు దాని చదువు అది చదివేసింది.

బ్యారేజీ దాటి, ఉండవల్లి దగ్గర కరకట్ట ఎక్కాను. ఎడమన అరటి తోటలు, కుడిన కృష్ణ. మొదటి పది కిలోమీటర్లు నాకు విసుగే. బండి ఏమీ చెప్పటం లేదు. పాతదైతే అరవై దాటగానే పాదాల కిందినుంచి, చేతుల్లోంచి, తొడల్లోంచి కబురు పంపేది. ఇది 195 కిలోల బరువుండి కూడా పిల్లిలా పోతోంది. డెబ్బై. ఎనభై. అప్పుడు అద్దంలోకి చూశాను.

వెనక వస్తున్న లారీ నంబరు చదవగలిగాను.

ఇందులో వింతేముంది అనేవాళ్ళు పాత బుల్లెట్ అద్దంలో ఎనభై దగ్గర ఎప్పుడూ చూసి ఉండరు. అందులో లారీ ఉండదు, వణికే ఒక రంగు ఉంటుంది. ఒకే ఒక పెద్ద పిస్టన్ తొంభై మిల్లీమీటర్లు పైకీ కిందికీ పోయి వస్తుంటే, ఆ ఊపును ఫ్లైవీలు బరువు కొంతవరకే ఆపగలదు. మిగిలినదంతా ఫ్రేములోంచి మనిషిలోకి వస్తుంది. కొత్త ఇంజనులో దానికి ఎదురు తిరిగే బ్యాలెన్సరు షాఫ్టు పెట్టారు. స్ట్రోకు 85.8కి తగ్గించి, బోరు 72 చేశారు. 349 సీసీ, ఇరవై గుర్రాల శక్తి. కాగితం మీద పాతదానికీ దీనికీ రెండు గుర్రాలే తేడా. ఫ్రేముకు ముందు ఒక గొట్టం బదులు రెండు దిగాయి. అందుకే మలుపులో బండి గీత గీసినట్టు పోతుంది.

నలభై కిలోమీటర్లు పోయి టీ కొట్టు దగ్గర ఆపాను. గ్లాసు పట్టుకున్నాను. ఒలకలేదు. పాత బండి ట్రయల్ వేసి దిగాక నా చేతులు తిమ్మిరెక్కి, వేళ్ళు కాసేపు నావి కాకుండా పోయేవి. నలభై ఏళ్ళుగా టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం నా అలవాటు. అది అలవాటు కాదని, ఇంజను నాకిచ్చిన జబ్బని ఆ రోజు తెలిసింది. బండి మాట్లాడుతోంది అని నేను మురిసినదాంట్లో సగం బండి నన్ను కొట్టడమే. లెక్చరర్ గారి మోకాళ్ళ మాట కూడా గుర్తొచ్చింది.

"రోగం లేదు మాస్టారూ" అని తాళాలిచ్చాను. ఆయనకు నచ్చలేదు.

కొన్నాళ్ళకు సైలెన్సరు మార్చమన్నారు. "ఆ పాత డుగుడుగు రావాలోయ్." నేను చెయ్యనన్నాను. పొగగొట్టంలో పొగను శుద్ధి చేసే కన్వర్టరు ఉంది, పెట్రోలు ఎంత పోయాలో చెప్పే సెన్సరు ఉంది, గొట్టం పీకేస్తే ఆ లెక్క తప్పుతుంది. అదీగాక పోలీసులు అలాంటి సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద తొక్కిస్తున్నారు. ఈ పని చేసి బాగా సంపాదించే షాపులు మా వీధిలోనే ఉన్నాయి. నాకెందుకో చిరాకు. పాత బండి శబ్దం దాని ఇంజను పని చేసే తీరులోంచి వచ్చింది. గొట్టం మార్చి తెచ్చుకునేది నాటకాల్లో పెట్టుకునే మీసం.

తర్వాత ఆయన అమెరికాలో కూతురి దగ్గర మూణ్ణెల్లు ఉండి వచ్చారు. బండి లేవలేదని ఫోను. బ్యాటరీ పడుకుంది. కిక్కు లేదు కదా, తోసి లేపుదామని నేనూ మా కుర్రాడూ ఆయన వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి మూడుసార్లు తోశాం. ఆయన బాల్కనీలోంచి చూస్తున్నారు. అంత బరువు, మే నెల ఎండ. ఇంజను తిరుగుతోంది గానీ అంటుకోదు. నాలుగోసారి తోయబోతుంటే బుర్ర వెలిగింది. ఇందులో పెట్రోలు దానంతటది దిగదు. ట్యాంకులో పంపు ఉంది, దానికి కరెంటు కావాలి. చార్జీ ఉన్న బ్యాటరీ తెచ్చి కలిపి, తాళం తిప్పాను. ట్యాంకు లోపల రెండు క్షణాలు సన్నగా "గుయ్" మంది. అప్పుడు నొక్కితే లేచింది. ఇప్పుడు ఏ కొత్త బండి వచ్చినా ముందు తాళం తిప్పి, చెవి ట్యాంకు దగ్గర పెడతాను. మా కుర్రాడు నవ్వుతాడు.

ఇంకోటి జరిగింది, దానికి నాకు సంతోషం. వారంటీ అయిపోయిన ఈ ఇంజను ఒకటి షెడ్డుకొచ్చింది, టకటకమంటూ. తల మూత విప్పి చూస్తే రాకరు చివర మర, దానికో నట్టు. ఈ ఇంజనులో టాపెట్లు మళ్ళీ చేత్తో సర్దాల్సినవే! డబ్బా అడుగున వెతికితే పాయింట్లకు వాడిన ఫీలర్ గేజి దొరికింది, తుప్పు చుక్కలతో. కిరసనాయిలులో నానబెట్టి తుడిచాను. రేకు లాగితే రావాలి, కానీ కొంచెం పట్టుకోవాలి. వేళ్ళకు పాత పని కాదు గానీ, దాని చుట్టమే.

ఇప్పుడు షెడ్డులో రెండు రకాలూ పక్కపక్కన నిలబడతాయి. కొత్తవాటికి నా కాలు అలవాటు పడింది, దాంతో ఇంకో చిక్కు వచ్చింది. మొన్న ఒక 1985 మోడల్ ట్రయల్ వేస్తూ, చెరకు రసం బండి అడ్డొస్తే బ్రేకని కుడికాలు నొక్కాను. గేరు పడింది. బండి గర్‌ర్‌మని ముందుకే పోయింది. రసం బండి తప్పింది గానీ, దాని పక్కనున్న చెరకు గడల కట్ట తప్పలేదు. రెండొందలిచ్చుకున్నాను.

అప్పటినుంచి నేను ఏ బండి మీద కూర్చున్నా, కదిలేముందు షెడ్డులోంచి మా కుర్రాడు గట్టిగా అరుస్తాడు. "మేస్త్రీ, ఇది కుడి బ్రేకు!" లేకపోతే, "మేస్త్రీ, ఇది కుడి గేరు!" పక్క షెడ్ల వాళ్ళు కూడా నేర్చుకున్నారు. ఒక్కోసారి కావాలనే తప్పు చెబుతారు.