మీటరుకు పది రూపాయలు

ఆరోగ్యశ్రీ కీమోథెరపీ ఖర్చు భరిస్తుంది, గది అద్దె భరించదు. మా చిన్న ట్రస్టు పని అక్కడే మొదలవుతుంది. ఆదిలాబాద్ నుంచో, నాగర్‌కర్నూల్ నుంచో లుకేమియా వచ్చిన బిడ్డను తీసుకుని హైదరాబాద్‌లో దిగిన తల్లిదండ్రులకు ఆస్పత్రికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక గది, వండుకోవడానికి పొయ్యి, బియ్యం, పప్పు ఇస్తాం. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం లుకేమియాకు వైద్యం రెండేళ్లకు పైగా సాగుతుంది. మొదటి నెలల్లో తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం తగిలితే వీలైనంత వరకు గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కాలి. అర్ధరాత్రి ఒళ్లు కాలుతున్న పిల్లాడిని ఒళ్లో పెట్టుకుని పొద్దుటి బస్సు కోసం చూసే వ్యవధి ఉండదు. వైద్యం మధ్యలో ఊరెళ్లిపోయి మళ్లీ రాని కుటుంబాలున్నాయి. నయమయ్యే జబ్బుతోనే ఆ పిల్లలు పోయారు.

నేను బ్యాంకులో పనిచేస్తాను, ట్రస్టు లెక్కలు రాస్తాను. ఇంటి యజమాని అద్దెతో పాటు అడ్వాన్సు కూడా పెంచమన్నప్పుడు ఖాతాలో ఎంత మిగిలిందో అందరికంటే ముందు తెలిసింది నాకే. అప్పుడన్నాడు మా తమ్ముడు, "అక్కా, కిలిమంజారో ఎక్కుదాం. మీటరుకింత అని చందా అడుగుదాం." వాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తరచూ హిమాలయాల్లో ట్రెక్కులకు వెళ్తుంటాడు. నాకు యాభై దాటాయి, కాలినడకన ఎక్కిన కొండంటే తిరుమలే.

"ఆ ప్రయాణం ఖర్చేదో నేరుగా ట్రస్టుకే ఇచ్చేయొచ్చుగా మేడమ్?" అని మా బ్రాంచి క్యాషియర్ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. విమానం టికెట్లు, టాంజానియా వీసా, పార్కు రుసుములు, గైడ్ల కంపెనీకి కట్టింది, అంతా మా జేబులోదే. దాతల రూపాయి ఒక్కటీ కొండ మీద ఖర్చు కాలేదు. ఆ సొమ్ముతో కొన్ని నెలల అద్దె వెళ్లిపోయేది, నిజమే. కానీ చందా పుస్తకం పట్టుకుని ఏళ్లుగా తిరిగినదాన్ని కాబట్టి చెబుతున్నాను. పిల్లల వైద్యం అంటే "చూద్దామండీ" అనే మనిషే, కొండెక్కుతున్నానంటే కుర్చీ దగ్గరికి లాక్కుని ఎంత ఎత్తు, ఎంత చలి అని అడుగుతాడు. ఎందుకలాగో నాకు తెలియదు. చందాలన్నీ ఆ మాటల మధ్యే రాశారు.

కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు. మీటరుకు రూపాయి అన్నవాళ్లు ఎక్కువ. పది రూపాయలన్నవాళ్లు కొందరు, వాళ్లలో ఒక రిటైర్డ్ తహసీల్దారు గారు. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న చుట్టాల్లో అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు మేం ముట్టలేదు. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు విదేశీ పౌరుల దగ్గర విరాళం పుచ్చుకోకూడదు, వాళ్లు సొంత మేనమామ పిల్లలైనా సరే. ఒక కంపెనీ పెద్ద మొత్తం ఇస్తామని ముందుకొచ్చి షరతు పెట్టింది: ఇద్దరూ శిఖరం మీద తమ బ్యానరు పట్టుకుని దిగిన ఫొటో కావాలి. తమ్ముడు సరేనన్నాడు. బ్యానరు మడిచి తన సంచిలో పెట్టుకున్నాడు.

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కడం, భువనగిరి కోటకు పోవడం, ఇదీ నా సాధన. మాలావత్ పూర్ణ కొండలెక్కడం మొదట నేర్చుకున్నది భువనగిరి బండ మీదే. 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడేనాటికి ఆ పిల్లకు పద్నాలుగేళ్లు నిండలేదు. తర్వాత కిలిమంజారో కూడా ఎక్కింది. కోట మెట్ల మీద నేను ఆయాసంతో నిలబడితే బడి పిల్లలు పక్కనుంచి పరుగెత్తి పోయేవాళ్లు. మోకాళ్లయితే గట్టిపడ్డాయి. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటం మాత్రం మన నేల మీద కుదరని పని. తెలుగు నేలపై అన్నిటికంటే ఎత్తైన కొండల్లో ఒకటైన అర్మకొండే 1,680 మీటర్లు. కిలిమంజారోకు మేం నడక మొదలుపెట్టిన మచామే గేటు దగ్గరే దాదాపు 1,800.

గేటు దగ్గర కూలీల మూటలు తూకం వేస్తారు. మనిషికి ఇరవై కిలోలకు మించకూడదని నిబంధన. మా ఇద్దరి కోసం గుడారాలు, గ్యాసు, గుడ్లు, క్యాబేజీ, నీళ్ల డబ్బాలు మోసుకుని చాలామంది బయల్దేరారు. మేం చేతికర్రలు పట్టుకుని నడిచాం. ఒక రాత్రి వంటాయన అడిగాడు, ఇంత కష్టపడి ఎందుకు ఎక్కుతున్నారని. జబ్బు పిల్లల కోసం అన్నాను. నవ్వాడు. "నేనూ పిల్లల కోసమే. ముగ్గురికి బడి ఫీజు కట్టాలి." మా చందా పత్రం మీద అచ్చేసిన ఫొటోలో ఉన్నది మాత్రం మేమిద్దరమే.

మొదట చినుకుల అడవి, తర్వాత పొదలు, ఆ తర్వాత రాళ్లు. 4,600 మీటర్ల దగ్గర లావా టవర్ అనే నల్లటి గుట్ట దాకా ఎక్కించి, మళ్లీ 4,000 దిగువకు తెచ్చి బరాంకో లోయలో పడుకోబెట్టారు. పగలు ఎక్కువ ఎత్తుకు పోయి, రాత్రి తక్కువ ఎత్తులో నిద్రపోతే ఒంటికి కొంత అలవాటవుతుందట. ఆ లోయలో మనిషికి రెట్టింపు ఎత్తున సెనీసియో చెట్లు, ఎండిన ఆకులను మాను చుట్టూ కప్పుకుని నిలబడి ఉన్నాయి. అక్కడ మొదటిసారి తలనొప్పి పట్టుకుంది. అన్నం అంటేనే వికారం. ఎత్తు పడకపోవడానికి వేసుకునే డయామాక్స్ మాత్రల వల్ల వేళ్ల చివర్లు తిమ్మిరెక్కేవి, రాత్రంతా గుడారం బయటికీ లోపలికీ తిరగడమే. తమ్ముడికి ఏ బాధా లేదు. నా సంచి కూడా వాడే పట్టాడు.

బరఫు క్యాంపు 4,670 మీటర్ల పైన, వాలు మీద, రాళ్ల మధ్య. అక్కడి నుంచి అర్ధరాత్రికి ముందు బయల్దేరుతారు, తెల్లవారేసరికి పైకి చేరేలా. చీకట్లో తల దీపాల వరుస తప్ప ఏమీ కనిపించదు. ముందు పెద్ద గైడు, వెనక నేను, నా వెనక తమ్ముడు, ఆ వెనక చిన్న గైడు, చివర ఒక కూలీ. "పోలే పోలే" అంటుండేవాడు పెద్ద గైడు, మెల్లగా, మెల్లగా అని. అంతకంటే వేగంగా నడిచే శక్తి ఎవరికుంది గనక! అడుగుకు ఒక శ్వాస, కాసేపటికి అడుగుకు రెండు. రాతి పొడిలో అడుగేస్తే సగం వెనక్కి జారేది. నీళ్ల గొట్టం గడ్డకట్టింది. చేతి తొడుగుల్లో వేళ్లు ఉన్నట్టు తెలియడం లేదు. దవడ అదురుతూ పళ్లు కొట్టుకుంటుంటే ఆ చప్పుడు తలలో మోగేది. వాంతి చేసుకున్నాను. గైడు ఆగి, నోరు తుడిచి, గోరువెచ్చని టీ రెండు గుక్కలు తాగించి మళ్లీ నడిపించాడు. కాసేపయ్యాక నిద్ర ముంచుకొచ్చింది. నడుస్తూనే కళ్లు మూతపడుతున్నాయి. ఆ మగతలో కూడా నేను లెక్క కడుతున్నాను, మీటరుకింత చొప్పున. అలవాటు.

తమ్ముడి చేతికి ఎత్తు చూపే గడియారం ఉంది. చదివి చెప్పేవాడు. "అక్కా, ఐదు వేలు." "అక్కా, ఐదు వేల నూటయాభై." కాసేపటికి "ఐదు వేల మూడొందలు." ఆ తర్వాత చాలాసేపు మాట లేదు. మళ్లీ "ఐదు వేల రెండొందలు" అన్నాడు. మేం ఎక్కడా దిగలేదు. పుస్తకంలో నిల్వ దానంతటదే తగ్గితే నాకు ఒళ్లు చల్లబడుతుంది. వెనక్కి తిరిగి దీపం వాడి ముఖం మీద వేశాను. తొడుగులు తీసేసి ఉన్నాయి, చేతులు బోసిగా ఉన్నాయి. తాగినవాడిలా పక్కకు పడబోతున్నాడు.

పెద్ద గైడు వాడిని ఒక కాలి వేళ్లకు రెండో కాలి మడమ ఆనించి నాలుగడుగులు వేయమన్నాడు. రెండో అడుగుకే తమ్ముడు కూలబడ్డాడు. ఎత్తు వల్ల మెదడు వాచడం మొదలైతే మొదట పోయేది ఆ నడకేనట. మందుంది, కానీ అసలు వైద్యం దిగడమే, అదీ అప్పటికప్పుడు. డెక్సామెథసోన్ ఇచ్చారు. వాడు ఒప్పుకోడు. "ఇంకా ఆరొందలే కదా, బ్యానరు, బ్యానరు" అంటాడు. కొండంటే తెలిసినవాడు, మామూలుగా ఐతే తనే నలుగురికి దిగమని చెప్పేవాడు. ఆ రాత్రి వాడి నోట పలికింది చందా పత్రం.

గైడు వాదించలేదు. చిన్న గైడుకు, మాతో వచ్చిన ఒక కూలీకి సైగ చేశాడు, ఇద్దరూ చెరో రెక్క పట్టుకున్నారు. నేనూ దిగుతానన్నాను. "మీరు కనిపిస్తుంటే వాడు దిగడు మామా," అన్నాడు. అక్కడ పెద్దావిడను అలాగే పిలుస్తారు. "కింద ఇద్దరున్నారు. రేడియోలో కబురు వస్తుంది." తన సంచిలోంచి బ్యానరు నా చేతిలో పెట్టాడు తమ్ముడు. దీపాలు మూడూ కిందికి పోయాయి.

ఆ తర్వాత ఎలా నడిచానో సరిగా చెప్పలేను. మంచి అక్కలు అప్పుడేం చేస్తారో కూడా తెలియదు. కాళ్లు పైకి పోతున్నాయి, చెవి మాత్రం రేడియో మీద ఉంది. మావెంజీ శిఖరం వెనక తూర్పు ఎర్రబడింది. తెల్లవారుతుండగా అగ్నిపర్వత బిలం అంచున ఉన్న స్టెల్లా పాయింట్ చేరాం, 5,756 మీటర్లు. ఎడమ పక్కన రెబ్‌మన్ హిమానీనదం, అంచులు అరిగిపోయి. 1912 నాటి కొలతలతో పోలిస్తే ఈ కొండ మీది మంచులో నూటికి ఎనభై పాళ్లకు పైగా కరిగిపోయిందంటారు. నాకప్పుడు అదేమీ పట్టలేదు. రేడియోలో కబురొచ్చింది. బరఫుకు చేర్చారు, కానీ ఇంకా తనెక్కడున్నాడో చెప్పలేకపోతున్నాడు, మరింత కిందికి మిలీనియం క్యాంపుకు దించుతున్నారు.

కిలిమంజారో అసలు కొస, ఉహురూ శిఖరం, అక్కడి నుంచి 139 మీటర్ల ఎత్తే. అంచు వెంబడి పెద్ద వాలు లేని దారి, గంట పైచిలుకు. బోర్డు దగ్గర జనం ఉంటారు, ఫొటో ఐదు నిమిషాల పని. "వెళ్దామా?" అన్నాడు గైడు. దిగుదామన్నాను. మరోమాట లేకుండా ఆయన ముందుకొచ్చి నా మోచేయి పట్టుకున్నాడు.

రాత్రంతా గడ్డకట్టి ఉన్న రాతి పొడి ఎండకు వదులై మోకాళ్ల దాకా జారేది. బొటనవేళ్ల గోళ్లు బూట్లకు గుద్దుకుని నల్లబడ్డాయి, తర్వాత ఊడిపోయాయి. మిలీనియం క్యాంపు 3,800 మీటర్ల చుట్టుపక్కల. వాడు దుప్పటి కప్పుకుని సూప్ తాగుతూ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి "ఫొటో తీశావా అక్కా?" అన్నాడు. అర్ధరాత్రి తర్వాతిదేదీ వాడికి గుర్తులేదు, ఇప్పటికీ.

"బ్యానరు విప్పనే లేదురా," అన్నాను. కొంచెంసేపు సూప్ గిన్నెలోకి చూసి, "వాళ్లివ్వరు," అన్నాడు.

ఇవ్వలేదు. మర్యాదగా ఉత్తరం రాశారు, షరతు నెరవేరలేదని. రాసుకున్న ఒప్పందం అదే కాబట్టి నేను కాదనను. తమ్ముడి స్నేహితులు లెక్క చూడకుండా మొత్తం పంపారు. మా బ్రాంచి వాళ్లూ అంతే, "139 ఎవరు చూడొచ్చారు మేడమ్" అని. తహసీల్దారు గారి దగ్గర నుంచి రిజిస్టర్డ్ పోస్టులో చెక్కు వచ్చింది, సరిగ్గా 57,560 రూపాయలకు. 1,390 కోసేశారు. నాకా చెక్కు చూస్తే నవ్వొచ్చింది, మనసుకు హాయిగానూ అనిపించింది. అన్నీ కలిపితే అడ్వాన్సు కట్టి, గదులు నిలబెట్టుకోగలిగాం.

ఇప్పుడు ట్రస్టు పేరు మీద ఎవరైనా మారథాన్ పరుగెడతామన్నా, కొండెక్కుతామన్నా చందా పత్రంలో ఒక వాక్యం ముందే అచ్చేయిస్తున్నాను: వెళ్లినవాళ్లు ఎక్కడ ఆగినా, ఎందుకు ఆగినా, రాసిన మొత్తం ఇస్తాను. కమిటీలో ఒకరిద్దరు గొణిగారు, దాతలు వెనక్కి తగ్గుతారని. ఇప్పటిదాకా దాని కింద సంతకం పెట్టనన్నది తహసీల్దారు గారొక్కరే. "నడిచినంతకే ఇస్తానమ్మా," అన్నారు.